తాళంచెవితోపాటు తుపాను సంగతీ చెప్పండి

కోనసీమ తీర మండలాల సర్పంచులకు, ఇళ్లు అద్దెకిచ్చేవారికి, రొయ్యల చెరువుల యజమానులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. మాది అనంతపురం జిల్లా. బ్యాంకు ఉద్యోగంలో బదిలీ మీద రాజోలు ప్రాంతానికి వచ్చి, పిల్లలతో అద్దె ఇంట్లో ఉంటున్నాను. కొన్నాళ్లలో దసరా. ఆ తర్వాత డిసెంబరు దాకా మీరంతా ఒక కన్ను ఆకాశం మీద, ఒక కన్ను టీవీ మీద వేసి ఉంటారు. ఆ రోజులు మొదలవకముందే మీకు ఒక మాట చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

1977లో దివిసీమలో పది వేలమందికి పైగా ప్రాణాలు తీసిన ఉప్పెన నవంబరు 19న వచ్చింది. 1996లో కోనసీమ కొబ్బరిని నేలకూల్చి, వెయ్యిమందికి పైగా పొట్టన పెట్టుకున్న తుపాను నవంబరు 6 రాత్రి వచ్చింది. 2018లో పెథాయ్ డిసెంబరు 17న కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. 2022లో అసని మండు వేసవిలో, మే నెలలో, మచిలీపట్నం నరసాపురం మధ్యకి వచ్చి బలహీనపడింది. 2025లో మొంథా అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ నరసాపురం దగ్గర దాటింది. ఈ తేదీలు మీకు నేను చెప్పాల్సిన పనిలేదు. ఈ ఊళ్లలో పెద్దవాళ్లు ఇల్లు ఎప్పుడు కట్టారో, పిల్ల ఎప్పుడు పుట్టిందో కూడా ‘తొంభైయ్యారు తుపానుకి ముందు’, ‘తుపాను వెళ్లిన ఏడాదికి’ అని చెబుతారు. తుపాను మీ జ్ఞాపకంలో ఉంది, మీ ఇళ్ల కట్టుబడిలో ఉంది, చెట్టు ఎక్కడ నాటాలో ఎక్కడ నాటకూడదో అన్న మీ అలవాటులో ఉంది. బయటి నుంచి వచ్చినవాళ్లకు అది లేదు. మాకున్నది ఫోనులో వచ్చిన ఒక సందేశం, టీవీలో గుండ్రంగా తిరిగే ఒక బొమ్మ.

మా అనంతపురంలో తుపాను అంటే ఆశ. నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం అని రేడియోలో చెబితే మా నాన్న, ఈసారైనా చెరువులోకి నీళ్లొస్తాయేమో అని ఎదురుచూసేవారు. అదే వార్త ఇక్కడ వింటే మా ఇంటి యజమాని మామ్మగారు లేచి వెళ్లి దొడ్లో ఆవు ఎక్కడుందో చూసొస్తారు. ఇక్కడికి వచ్చేవరకు ఆ వార్తకు ఇంకో వైపు ఉంటుందని నాకు తెలిసే అవకాశమే లేదు.

నా విన్నపం ఇదే. మీకు తెలిసినదాన్ని కొత్తగా వచ్చినవాళ్లకు ముందే చెప్పండి. సముద్రంలో వాయుగుండం పుట్టేదాకా ఆగొద్దు. ఇల్లు అద్దెకిచ్చి తాళంచెవి చేతిలో పెట్టిన రోజునే చెప్పండి. చెరువు మీద పనికి కుర్రాణ్ని పెట్టుకున్న రోజునే చెప్పండి.

కొత్తవాళ్లు అంటే నాలాంటి ఉద్యోగులు మాత్రమే కాదు. ఓడలరేవు, తాటిపాక వైపు గ్యాస్ పనులకు కాంట్రాక్టు మీద వచ్చినవాళ్లున్నారు. ఇటుక బట్టీలకు కుటుంబాలతో వచ్చినవాళ్లున్నారు. ఆసుపత్రుల్లో నర్సులు, దిండి వైపు రిసార్టుల్లో పనిచేసే పిల్లలు ఉన్నారు. చెరువుల మీద మేత వేసే ఒడిశా కుర్రాళ్లున్నారు. తెలంగాణ నుంచో రాయలసీమ నుంచో ఈ ఊళ్లకి కోడళ్లుగా వచ్చిన అమ్మాయిలున్నారు. వీళ్లలో చాలామంది ఆధార్ మీద వేరే ఊరి చిరునామా ఉంటుంది. రేషన్ కార్డు ఇక్కడ ఉండదు, ఓటు ఇక్కడ ఉండదు. తుపాను వచ్చిన రాత్రి మాత్రం ఒంటితో, పిల్లలతో ఇక్కడే ఉంటారు.

హెచ్చరికలు లేవని నేను అనడం లేదు. వాతావరణ శాఖ పని చాలా మెరుగుపడింది. తీరం దాటడానికి మూడు రోజుల ముందు ఒకటి, రెండు రోజుల ముందు ఒకటి, ఒక రోజు ముందు ఒకటి, ఇక పన్నెండు గంటల ముందు దాటిన తర్వాత ఏమవుతుందన్నది ఒకటి, ఇలా నాలుగు దశల్లో చెబుతారు. గంటకు 31 కిలోమీటర్ల గాలి నుంచి వాయుగుండం, 51 దాటితే తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుపాను, 89కి వస్తే తీవ్ర తుపాను, 118కి వస్తే అతి తీవ్ర తుపాను. మొంథా తీవ్ర తుపానుగా, గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలితో దాటింది. ఇదంతా చదివి నేర్చుకోవచ్చు, నేనూ అలాగే నేర్చుకున్నాను. కానీ 95 కిలోమీటర్ల గాలికి నేనుండే ఇంటి వంటగది రేకు నిలుస్తుందా లేదా అన్నది ఏ బులెటిన్‌లోనూ ఉండదు. అది ఆ ఇల్లు కట్టినవాళ్లకే తెలుస్తుంది.

కొత్తవాళ్లను ఎక్కువ గందరగోళపెట్టేవి నంబర్లు. కాకినాడ పోర్టులో మూడో నంబరు ఎగరేశారు, ఏడో నంబరు, పదో నంబరు అని వినగానే మాకు టెన్షన్ మొదలవుతుంది. అవి ఓడలకు, పడవలకు ఇచ్చే సంకేతాలని, ఇంట్లో ఉన్న మనిషి ఎప్పుడు బయల్దేరాలో వాటిలో ఉండదని ఎవరూ చెప్పరు. అంతకు రెండు నెలల ముందే ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, రెండో ప్రమాద హెచ్చరిక అని విని ఉంటాం. రెండూ ఒకటే లెక్క అనుకునేవాళ్లను నేను మా కౌంటరు దగ్గరే చూశాను. ధవళేశ్వరం లెక్క నదిది. 10 లక్షల క్యూసెక్కులకు మొదటిది, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. ఆ నీళ్లు భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులు దాటుకుంటూ దిగుతాయి, నది మధ్య లంకల్లో ఉన్నవాళ్లకు సర్దుకోవడానికి కొంత వ్యవధి దొరుకుతుంది. ఏటిగట్టుకు ఇవతల ఉన్నవాళ్లు గట్టు మీదే భరోసా పెట్టుకుంటారు. తుపాను నీళ్లు వచ్చేది పైనుంచి కాదు, సముద్రం వైపు నుంచి. ఏటిగట్టు మీద పెట్టుకున్న భరోసా అక్కడ చాలదు. గోదావరి వరద చూసిన కొత్తవాళ్లు ‘ఇంతేగా, చూశాంగా’ అనుకుంటారు. ఈ ఒక్క తేడా వాళ్లను కూర్చోబెట్టి చెప్పండి.

ఉప్పెన గురించి కూడా విడమరిచి చెప్పాలి. బంగాళాఖాతంలో తుపాను గాలి గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురుగా తిరుగుతుంది. దానివల్ల తీరం దాటే చోటికి ఉత్తరాన ఉన్న ఊళ్ల మీదికి గాలి సముద్రాన్ని తోస్తుంది. దక్షిణాన ఉన్న ఊళ్లలో గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, ఒక్కోసారి నీళ్లు వెనక్కి కూడా పోతాయి. అంతర్వేది దగ్గర దాటే తుపానుకు ఓడలరేవు, కాట్రేనికోన వైపు నీళ్లు ఎగదన్నుతాయి. టీవీలో ‘నరసాపురం దగ్గర తీరం దాటనుంది’ అని విని, అది గోదావరి పాయ వశిష్ఠకి అవతల కదా, మనకు దూరంలే అనుకునే కొత్తవాళ్లకు ఇది తెలియాలి. అదే సమయంలో అమావాస్య పోటో పున్నమి పోటో కలిస్తే నీళ్లు ఇంకా పైకి వస్తాయి. సముద్రం అలా ఎగదన్నినంతసేపు డ్రెయిన్లలో నీళ్లు దిగవు. కౌశిక డ్రెయిన్ పక్కనున్నవాళ్లనో, శంకరగుప్తం డ్రెయిన్ పక్కనున్నవాళ్లనో అడిగితే చెబుతారు, వాన తగ్గాక కూడా వీధిలో నీళ్లు ఎందుకు ఉంటాయో. 1996లో భైరవపాలెం, బలుసుతిప్ప వైపు ఎక్కువ మంది పోయింది గాలి ఒక్కదానివల్లే కాదు, ఈ నీళ్లవల్ల కూడా. అంతకు ముందు 1789లో, 1839లో కోరంగిని ముంచినదీ ఇదే. ఓడలు కట్టిన రేవు అది. ఇప్పుడు అక్కడికి మడ అడవులు చూడటానికి వెళ్లే మాలాంటివాళ్లలో ఆ సంగతి ఎందరికి తెలుసు?

నా అదృష్టం మా మామ్మగారు. ఆవిడ తొంభైయ్యారు రాత్రి ఈ ఇంట్లోనే ఉన్నారు. మొంథాకి రెండు రోజుల ముందు పొద్దున్నే మా గుమ్మంలోకి వచ్చి, ఏమీ ఉపోద్ఘాతం లేకుండా పని చెప్పడం మొదలుపెట్టారు. “అమ్మాయ్, మేడ మీద ట్యాంకు నిండా నింపెయ్యి. కరెంటు పోతే మోటారాడదు. ఖాళీ ట్యాంకైతే ఎగిరిపోద్ది కూడాను.” ప్లాస్టిక్ ట్యాంకు గాలికి లేచిపోతుందని, నిండుగా ఉంటే నిలుస్తుందని నాకు ఎక్కడ తట్టాలి? ఇంటి మీదికి ఒరిగిన రెండు కొబ్బరి చెట్లకు దింపు తీయించారు. కొబ్బరికాయ గాలికి ఎంత దూరం వచ్చి పడుతుందో, ఏ కిటికీని పగలగొడుతుందో ఆవిడకు తెలుసు. పెరట్లో విడిగా ఉన్న రేకు ముక్కలు, పాత తలుపు, పూలకుండీలు అన్నీ లోపలికి చేర్పించారు. సామానంతా ముందు గదిలో కాకుండా మధ్య గదిలో, మంచం మీద ఎత్తులో పెట్టించారు. “రాత్రి మరీ కొడితే పిల్లల్ని తీసుకుని ఆ మధ్య గదిలోకి పొండి. వంటింట్లో ఉండకండి, అది రేకుల కింద ఉంది” అన్నారు. ఆఖర్న ఇంకో మాట చెప్పారు. “గాలి ఉన్నట్టుండి ఆగిపోద్ది. ఆగింది కదాని బయటికి రాకండి. కాసేపటికి అవతలి పక్కనుంచి మళ్లీ కొట్టుద్ది, అదింకా గట్టిగా ఉంటది.” తుపాను కన్ను మన మీదుగా పోయేటప్పుడు జరిగేది అదే. ఆ ప్రశాంతత కొన్ని నిమిషాలు ఉండొచ్చు, గంట దాకా ఉండొచ్చు. ఆ సమయంలోనే ఇంటి ముందు పడ్డ చెట్టు చూద్దామని, పక్కింటివాళ్లను పలకరిద్దామని జనం బయటికొస్తారు.

ఆవిడ చెప్పినదంతా కలిపితే పావుగంట మాట్లాడి ఉంటారు. ఆ పావుగంట ప్రతి అద్దె ఇంటికీ అందాలి. మా వీధి చివర పైవాటాలో ఉన్న నర్సమ్మాయిలకు అలా చెప్పేవాళ్లు లేరు. వాళ్ల ఇంటి యజమాని హైదరాబాదులో ఉంటారు, అద్దె ఫోన్‌పే చేస్తారు. దూరాన ఉన్న యజమానులకు నా మనవి ఇంకొంచెం ఎక్కువ. మీ ఇంటికి ఏ వైపు గోడ బలహీనం, ఏ చెట్టు పాతది, మీ చిన్నతనంలో నీళ్లు ఎంతదాకా వచ్చాయి, ఇవి ఒక కాగితం మీద రాసి తలుపు వెనక అతికించండి. కరెంటు మీటరు మెయిన్ ఎక్కడుందో, గ్యాస్ ఎక్కడ ఆపాలో రాయండి. దగ్గర్లో ఏ డాబా ఇంట్లోకి వెళ్తే వాళ్లు కాదనరో, ఆ ఇంటివాళ్లకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి. కొత్తవాళ్లకు అన్నిటికంటే కష్టం అదే. అర్ధరాత్రి తెలియనివాళ్ల తలుపు తట్టడానికి మొహమాటపడి, కారుతున్న రేకుల కిందే ఉండిపోతారు.

దారుల సంగతి కూడా మాకు తెలియదు. మ్యాపులో చూస్తే అన్నీ రోడ్లే. కోనసీమ మూడు వైపులా గోదావరి పాయలు, నాలుగో వైపు సముద్రం ఉన్న నేల అని, బయటికి పోవాలంటే చించినాడ వంతెనో, రావులపాలెమో, ఎదుర్లంక వంతెనో దాటాలని, సఖినేటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు గాలి రాకముందే ఆపేస్తారని తెలిసేసరికి ఆలస్యం అవుతుంది. మొంథా రాత్రి అధికారులు రోడ్ల మీద వాహనాలు తిరగకుండా ఆపేశారు. అది మంచి నిర్ణయం, ఎందుకంటే అప్పటికే చెట్లు పడుతున్నాయి. వెళ్లాలనుకున్నవాళ్లు ముందు రోజు పగలే వెళ్లాలన్నది మీకు మామూలు విషయం. సొంతూరికి వెళ్లిపోదామా వద్దా అని చివరి సాయంత్రం దాకా తేల్చుకోలేనివాళ్లకు అది ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి.

బ్యాంకులో కూర్చున్నదాన్ని కాబట్టి డబ్బు గురించి నేనే చెబుతాను, మీరు మీ అద్దెకున్నవాళ్లకు, పనివాళ్లకు చేరవేయండి. కరెంటు పోతే ఏటీఎం పోతుంది. టవర్ పోతే ఫోన్‌పే, గూగుల్‌పే రెండూ పోతాయి. బ్యాంకు తెరిచినా లింకు లేకపోతే మేం కూడా చేతులు కట్టుకుని కూర్చుంటాం. అప్పుడు కిరాణా కొట్లో పాల ప్యాకెట్టు కొనాలన్నా, ఆటో ఎక్కాలన్నా నోట్లు కావాలి, అవీ చిన్న నోట్లు. స్థానికులకు కొట్టువాడు అరువిస్తాడు, ఖాతా రాసుకుంటాడు. కొత్తవాడికి ఎవరిస్తారు? జీతం పడ్డ రోజునే మొత్తం ఇంటికి పంపేసి, జేబులో వంద రూపాయలతో నెల గడిపే కుర్రాళ్లను నేను రోజూ చూస్తాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చేతిలో కొంచెం నగదు ఉంచుకోమని వాళ్లకు చెప్పండి. ఆధార్, పాస్‌బుక్కు, పిల్లల సర్టిఫికెట్లు, మందుల చీటీలు ఒక ప్లాస్టిక్ కవరులో కట్టి, ఒకే సంచిలో పెట్టుకోమనండి. అన్నిటినీ ఫొటో తీసి ఊళ్లో ఉన్న అన్నకో, అక్కకో పంపి ఉంచమనండి. బండికి, ఇంటి సామానుకు ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు తుపానుకి ముందే ఫొటోలు తీసుకుంటే తర్వాత క్లెయిము తేలికవుతుంది. ఇన్సులిన్ వాడేవాళ్లు, బీపీ మాత్రలు వాడేవాళ్లు పది రోజుల మందు ముందే కొనుక్కోవాలి. మందుల షాపు కూడా కరెంటు మీద, కార్డు మిషను మీద నడిచేదే.

ఇప్పుడు చెరువుల యజమానులతో మాట్లాడాలి. ఈ లేఖలో నన్ను ఎక్కువ వేధిస్తున్న భాగం ఇది.

అయ్యా, మీ చెరువు గట్టు మీద, సముద్రానికి దగ్గరగా, తాటాకు పాకలోనో రేకుల గదిలోనో ఒకరో ఇద్దరో కుర్రాళ్లు పడుకుంటారు. మేత వేయడం, ఏరియేటర్లు తిప్పడం, రాత్రి కాపలా, అన్నీ వాళ్లే. వాళ్లకు తెలుగు సరిగా రాదు. ఆటోలో మైకు పెట్టి ‘లోతట్టు ప్రాంతాల ప్రజలు పునరావాస కేంద్రాలకు తరలివెళ్లాలి’ అని చెబుతూ పోతే, ఆ మాట వాళ్ల చెవిన పడదు. పడినా అర్థం కాదు. అర్థమైనా వాళ్లు కదలరు, ఎందుకంటే మీరు చెప్పలేదు. కరెంటు పోతే జనరేటర్ వేయాలి, ఏరియేటర్లు ఆగితే ఆక్సిజన్ పడిపోయి రొయ్య చస్తుంది, రొయ్య చస్తే పని పోతుంది, రావాల్సిన జీతం కూడా పోతుంది. వాళ్ల లెక్క అది. లక్షల పెట్టుబడి మీది, మీ కష్టం నాకు తెలుసు. అప్పు కాగితాలు మా బ్రాంచిలోనే ఉన్నాయి. వనామి రొయ్య కౌంటుకు, అంటే అమ్మే సైజుకు, రాకముందే పోతే ఒక కుటుంబం ఎలా కుదేలవుతుందో చూశాను. అయినా సరే, ఉప్పెన వచ్చే గట్టు మీద జనరేటర్ కోసం మనిషిని ఉంచకూడదు.

వెళ్లమని మీ నోటితో మీరే చెప్పాలి. ఫలానా హెచ్చరిక వస్తే జనరేటర్ ఆపేసి, బండి వేసుకుని ఊళ్లోకి వచ్చేయ్, రొయ్య పోయినా నీ జీతం కోయను, నీ పని ఉంటుంది అని సీజను మొదట్లోనే, అతనికి అర్థమయ్యే భాషలో చెప్పండి. వీలైతే చెరువు దగ్గర ఒక బండి పెట్రోలుతో ఉంచండి. అతని పేరు, వాళ్ల ఇంటి ఫోను నంబరు మీ దగ్గర ఒకటి, పంచాయతీలో ఒకటి రాసి ఉంచండి. వేటకు వెళ్లిన బోట్ల సంగతి మత్స్యశాఖ చూస్తుంది, ముందే వెనక్కి పిలుస్తారు, లెక్క ఉంటుంది. చెరువు గట్ల మీద ఎవరెవరున్నారో ఆ లెక్క మీరు రాస్తే తప్ప ఎక్కడా ఉండదు.

సర్పంచులకు, పంచాయతీ సభ్యులకు.

మీ ఊళ్లో తుపాను షెల్టరు ఎక్కడుందో ఊళ్లో పుట్టినవాళ్లందరికీ తెలుసు. బస్టాపు దగ్గర, బడి దగ్గర, అద్దె ఇళ్లు ఎక్కువ ఉన్న వీధిలో ఒక బోర్డు పెట్టండి. షెల్టరు ఏది, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, వాళ్ల ఫోను నంబరు ఏమిటి, నీళ్లొస్తే దానికి పోయే దారిలో ఏది మునుగుతుంది, ఈ నాలుగు సంగతులూ తెలుగు, హిందీ, ఒడియాల్లో రాయించండి. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఇచ్చే 112, 1070, 18004250101 నంబర్లు కూడా అదే బోర్డు మీద ఉండాలి. ఫోను పనిచేయని గంటల్లో బోర్డే దిక్కు.

దసరాలోపు ఒక్కసారి ఊళ్లో కొత్తగా వచ్చినవాళ్ల జాబితా రాయించండి. సచివాలయం సిబ్బంది, ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు కలిస్తే అది పెద్ద పని కాదు. మొంథాకి ముందు ప్రసవం దగ్గరపడిన గర్భిణులను ఆసుపత్రులకు తరలించారు. ఎంతో మంచి పని. కానీ ఇటుక బట్టీ దగ్గర గుడిసెలో ఎనిమిదో నెల అమ్మాయి ఉందని ఆశా కార్యకర్తకు తెలిస్తేనే కదా ఆమె ఆ జాబితాలోకి ఎక్కేది. వచ్చినప్పుడు నమోదు చేయించుకోవాలని ఆ అమ్మాయికి తెలియదు. వెతుక్కుంటూ మీరే వెళ్లాలి.

పునరావాస కేంద్రంలో ఉన్నవారికి మొంథా సమయంలో ప్రభుత్వం మనిషికి వెయ్యి రూపాయలు, కుటుంబానికి 3 వేల దాకా ప్రకటించింది. ఇలాంటి సాయం ఏది వచ్చినా, బియ్యమైనా, కూరగాయలైనా, ఆ రాత్రి కేంద్రంలో తల దాచుకున్న పరాయి ఊరి కూలీకి కూడా అందేలా చూడాలి. కార్డు ఎక్కడిదన్న ప్రశ్న అక్కడ రాకూడదు. ఇది పూర్తిగా మీ చేతిలో లేదని నాకు తెలుసు. మండల సమావేశంలో అధికారులను అడగగలిగేది మాత్రం మీరే. అద్దెకుంటున్న మేం అడిగితే ‘మీది ఏ ఊరు’ అంటారు.

తుపాను వెళ్లిన మర్నాడు గురించి కూడా రెండు మాటలు చెప్పి పంపండి. తెగి పడ్డ తీగ తాకొద్దని, 1912కి చెప్పాలని. నీళ్లు కాచి తాగాలని. ఇంట్లోకి పాములు వస్తాయని, మంచం కింద చూసి కాలు పెట్టాలని. జనరేటర్ గదిలో పెట్టి తలుపులు మూస్తే పొగకు ప్రాణాలు పోతాయని. పశువులున్నవాళ్లు తుపాను రాకముందే తాళ్లు విప్పేసి ఉంచాలని కూడా చెప్పండి. పల్లెలో పెరిగినదాన్నే అయినా ఆ చివరిది నాకు ఇక్కడే తెలిసింది.

వీటిలో డబ్బు ఖర్చయ్యేవి బోర్డు, చెరువు దగ్గర బండిలాంటి కొన్నే. మిగతాదంతా మీకు వచ్చిన విద్య. మీరు అడగకుండానే చెబితే మేం వింటాం. ఎందుకు చెబుతున్నారో అర్థం చేసుకుంటాం. ఏం అడగాలో తెలియక అడగని జనం మేం.

మా బ్రాంచిలో సేవింగ్స్ ఖాతాలు తెరవడానికి వచ్చే చెరువుల కుర్రాళ్లకు, కాంట్రాక్టు కార్మికులకు మేం ఇప్పటికే నగదు, కాగితాల సంగతి చెప్పడం మొదలుపెట్టాం. మీరు దసరాలోపు ఏదైనా ఆదివారం పంచాయతీ కార్యాలయంలో కొత్తవాళ్లందరినీ పిలిచి మాట్లాడదామంటే, చెప్పండి, వస్తాను. నాకు హిందీ వచ్చు. ఒడియా తెలిసినవారు మా బ్రాంచిలో ఒకరున్నారు, ఆయన కూడా వస్తానన్నారు. మా మామ్మగారిని అడిగాను. ఎవరైనా బండి మీద తీసుకెళ్తే ఆవిడా వచ్చి తొంభైయ్యారు రాత్రి సంగతి చెబుతారట.

ఇట్లు,
మీ ఊళ్లో అద్దెకుంటున్న ఒక బ్యాంకు ఉద్యోగిని